డిపెండెన్సీ చిక్కుముడి ముందు ఆప్టిట్యూడ్: ఒక సర్వర్ అప్‌గ్రేడ్ తరువాత రాసిన సమీక్ష

డెబియన్ అనే లినక్స్ నడిచే సర్వర్‌ను ఒక విడుదల నుంచి తరువాతి విడుదలకు మార్చేటప్పుడు, ప్యాకేజీలను (ప్రోగ్రామ్‌ల మూటలను) నిర్వహించే ఆప్ట్ అనే పనిముట్టుకు ఇచ్చిన ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’ ఆదేశం మధ్యలో ఆగిపోయి, ‘యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ (మీరు ఆపి ఉంచిన, తెగిన ప్యాకేజీలు ఉన్నాయి) అనే వాక్యాన్ని తెర మీద వదిలివేసిన సందర్భం చాలామంది నిర్వాహకులకు ఎదురై ఉంటుంది. ఆ వాక్యం చదివిన వారు మొదట చేసే పని, తాము ఏ ప్యాకేజీనైనా హోల్డ్‌లో (మారకుండా ఆపి) పెట్టి మరిచిపోయామేమో అని ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ నడిపి చూడడం. ఎక్కువసార్లు ఆ జాబితా ఖాళీగా ఉంటుంది. ఎవరూ దేనినీ హోల్డ్ చేయలేదు. ఇప్పుడున్న వెర్షన్లతో, ప్యాకేజీలు ఒకదానిపై ఒకటి పెట్టుకున్న షరతులను (డిపెండెన్సీలను) అన్నిటినీ ఒకేసారి తీర్చే దారి ఆప్ట్‌కు దొరకలేదు, అంతే. ఏ షరతు ఎక్కడ తెగిందో, దానిని దాటడానికి ఎన్ని దారులు ఉన్నాయో ఆ వాక్యం చెప్పదు. ఈ లోటును తీర్చగల పనిముట్టుగా పేరున్న ఆప్టిట్యూడ్‌ను, డెబియన్ 11 నుంచి 12కు చేసిన ఒక అప్‌గ్రేడ్‌లో దగ్గరగా వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆప్టిట్యూడ్ కొత్తది కాదు. 1999లో మొదలైన ఈ ప్రోగ్రామ్ ఒకప్పుడు డెబియన్ అప్‌గ్రేడ్‌లకు అధికారికంగా సూచించిన మార్గం. 2009లో వచ్చిన డెబియన్ 5 విడుదల పత్రంలో ఆప్టిట్యూడ్‌తోనే అప్‌గ్రేడ్ చేయమని ఉంది. 2011లో వచ్చిన డెబియన్ 6 నాటికి ఆ సలహా మారి, ఆప్ట్ పాత కమాండ్ అయిన ఆప్ట్-గెట్‌కు తిరిగి వెళ్లింది. ఈ చరిత్రను ముందుగా గుర్తు చేయడానికి కారణం ఉంది. ఇప్పటికీ పాత సూచనలు చదివి, మొత్తం విడుదల మార్పిడిని ఆప్టిట్యూడ్ చేతిలో పెట్టేవారు ఉన్నారు. అది మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం, కారణాలు కింద వివరిస్తాను. అయితే చిక్కుముడి పడిన చోట దాని సాయం తీసుకోకపోవడం కూడా అంతే పెద్ద పొరపాటు.

నా ముందున్న సర్వర్ ఒక వెబ్ అప్లికేషన్‌ను నడుపుతోంది. దానిమీద పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్ కోసం ఎవరో కొన్నేళ్ల క్రితం డెబియన్‌ది కాని ఒక బయటి రిపాజిటరీని (ప్యాకేజీల భాండారాన్ని) జోడించారు. డెబియన్ 11తో వచ్చే పీహెచ్‌పీ 7.4 కాగా 12తో వచ్చేది 8.2, కాబట్టి కొత్త విడుదలకు మారితే ఆ బయటి రిపాజిటరీ అవసరమే ఉండదు. రిపాజిటరీల జాబితా ఉండే సోర్సెస్ ఫైల్‌లో ఆ వరుసను కామెంట్ చేసి (పనిచేయకుండా చేసి), ‘బుల్స్‌ఐ’ (11 పేరు) అని ఉన్న ప్రతిచోటా ‘బుక్‌వర్మ్’ (12 పేరు) అని మార్చి, ‘ఆప్ట్ అప్‌డేట్’ చేసి, విడుదల పత్రం చెప్పినట్లు ముందుగా ‘--వితౌట్-న్యూ-పీకేజీఎస్’ ఆప్షన్‌తో చిన్న అప్‌గ్రేడ్ ముగించాను. ఇక్కడి వరకు ఇబ్బంది లేదు. ఫుల్-అప్‌గ్రేడ్ మాత్రం మొదటి నిమిషంలోనే నిలిచిపోయింది.

తెర మీద మిగిలిన వరుసల సారాంశం ఇది: లిబ్‌పీసీఆర్‌ఈ2-డెవ్ అనే ప్యాకేజీకి లిబ్‌పీసీఆర్‌ఈ2-8-0 అనే లైబ్రరీ (టెక్స్ట్‌లో నమూనాలను వెతికేది) సరిగ్గా 10.42-1 వెర్షన్ కావాలి, కానీ సిస్టమ్ మీద ఉన్నది 10.42-1 తరువాత ప్లస్ గుర్తుతో మొదలయ్యే పొడవైన తోక తగిలించుకున్న వేరొక వెర్షన్. రెండూ ఒకే 10.42 సోర్స్ నుంచి వచ్చినవే. అయినా ఆప్ట్ కింద ప్యాకేజీలను నిజంగా ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ లెక్క ప్రకారం ఆ తోక ఉన్నదే పెద్దది. డెవ్ ప్యాకేజీలు (ఆ లైబ్రరీతో ప్రోగ్రామ్‌లను కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు ఉండేవి) తమ లైబ్రరీ విషయంలో ‘ఇంత లేదా అంతకంటే ఎక్కువ’ అనకుండా ‘సరిగ్గా ఇంతే’ అని షరతు పెడతాయి, ఎందుకంటే హెడర్ ఫైళ్లు, లైబ్రరీ ఒకే బిల్డ్‌కు చెంది ఉండాలి. ఆ ‘సరిగ్గా’ అన్న మాట దగ్గరే మొత్తం అప్‌గ్రేడ్ తట్టుకుంది. బయటి రిపాజిటరీని కామెంట్ చేసినంత మాత్రాన, అది ఇదివరకే ఇన్‌స్టాల్ చేసి పెట్టిన లైబ్రరీ వెనక్కి పోదు. ఆప్ట్ తనంతట తాను ఏ ప్యాకేజీనీ పెద్ద వెర్షన్ నుంచి చిన్న వెర్షన్‌కు దించదు; పిన్ ప్రాధాన్యం (ఏ వెర్షన్ ముందో చెప్పడానికి మనం ఇచ్చే అంకె) 1000 లేదా అంతకు మించి ఇచ్చినప్పుడే అందుకు ఒప్పుకుంటుంది. కాబట్టి దానికి అసలు దారి కనిపించే అవకాశమే లేదు.

ఇక్కడ ఆప్టిట్యూడ్ ప్రవేశించింది. ఒక జాగ్రత్త ముందే చెప్పాలి: ఇప్పటి డెబియన్ ఇన్‌స్టాలేషన్‌లలో అది డిఫాల్ట్‌గా ఉండకపోవచ్చు, కాబట్టి అప్‌గ్రేడ్ మొదలుపెట్టక ముందే, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోవాలి. షరతులు తెగిన తరువాత దానిని తెచ్చుకోబోతే అదే చిక్కులో అది కూడా ఇరుక్కునే ప్రమాదం ఉంది.

‘ఆప్టిట్యూడ్ -ఎస్ -వి -డి ఫుల్-అప్‌గ్రేడ్’ అని నడిపాను. ఇందులో ఎస్ అంటే నిజంగా ఏమీ మార్చకుండా చేసి చూపించమని. వి అంటే ప్రతి పేరు పక్కన పాత, కొత్త వెర్షన్లు వేయమని. డి అంటే ఆ మార్పు ఏ డిపెండెన్సీ వల్ల వస్తోందో చెప్పమని. ఈ చివరి రెండూ పెద్ద అక్షరాలే. ఆలోచిస్తున్నంతసేపు ఆప్టిట్యూడ్ తెర కింద ‘ఓపెన్, క్లోజ్‌డ్, డిఫర్, కాన్‌ఫ్లిక్ట్’ అనే నాలుగు అంకెలను మారుస్తూ ఉంటుంది. అవి అది వెతికిన, వెతకవలసి ఉన్న దారుల లెక్కలు. ప్యాకేజీ డిపెండెన్సీలను పరిష్కరించడం సిద్ధాంతపరంగా ఎన్‌పీ-కంప్లీట్ సమస్య. అన్ని సందర్భాలలోనూ త్వరగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియదు. ఆప్టిట్యూడ్ ప్రతి అడుగుకూ మార్కులు వేసుకుంటూ, మంచి మార్కులు వచ్చిన దారిని ముందుగా తొక్కుతూ వెళుతుంది. ఈ పద్ధతి ఫలితం మనకు నచ్చుతుందా లేదా అన్నది ఆ మార్కుల మీద ఆధారపడి ఉంటుంది.

మొదటి సమాధానం నచ్చలేదు. రెండు తెరల నిండా ప్యాకేజీల పేర్లు వేసి, వాటన్నిటినీ ఇప్పుడున్న వెర్షన్‌లోనే ఉంచుదామని అది ప్రతిపాదించింది. అంటే సగం సర్వర్ 11లోనూ మిగతా సగం 12లోనూ ఉండిపోతుంది. షరతుల లెక్కలో అది తప్పు కాదు, ఏదీ తెగదు. కానీ విడుదల మార్చాలనుకున్న మనిషికి అది పనికొచ్చే జవాబు కాదు. ఆప్టిట్యూడ్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే: చిక్కు ముదిరినప్పుడు దాని మొదటి ప్రతిపాదన దాదాపు ఎప్పుడూ తలుపు మూసి కూర్చోవడమో, ఇల్లు ఖాళీ చేయడమో అవుతుంది. ‘ఈ సమాధానాన్ని అంగీకరిస్తారా’ అన్న ప్రశ్నకు డిఫాల్ట్ జవాబు ‘అవును’. ఎంటర్ కీ నొక్కే అలవాటున్న వేళ్లకు అది చాలా ప్రమాదకరం. సర్వర్ మీద పనిచేసేవారు ఈ ఒక్క చోట చేతులు వెనక్కి తీసుకుని, జాబితా మొత్తం చదివి, ఆ తరువాతే కీబోర్డ్ ముట్టుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

కాదన్నాను. రెండవ సమాధానం డెవ్ ప్యాకేజీలన్నిటినీ తీసివేయమంది. ఇది మొదటిదానికంటే మెరుగు. ఉత్పత్తి సర్వర్ మీద డెవ్ ప్యాకేజీల అవసరం నిజానికి తక్కువే. అయితే ఆ సర్వర్ మీద బొమ్మల ప్రాసెసింగ్ కోసం ఒక ఎక్స్‌టెన్షన్‌ను అక్కడే కంపైల్ చేసే ఏర్పాటు ఉంది, కాబట్టి అవి కావాలి. ఈ సమయంలో ప్రశ్న దగ్గర ‘ఓ’ అక్షరం కొట్టి చూశాను. అది సమాధానం జాబితాకు బదులు దాని వెనుక ఉన్న కారణాల వరుసను చూపిస్తుంది. బొమ్మల లైబ్రరీ డెవ్ ప్యాకేజీకి లిబ్‌జీలిబ్2.0-డెవ్ కావాలి, 12వ విడుదలలోని జీలిబ్ పాత పీసీఆర్‌ఈని వదిలి పీసీఆర్‌ఈ2కు మారింది కాబట్టి దానికి లిబ్‌పీసీఆర్‌ఈ2-డెవ్ కావాలి, దానికి లైబ్రరీ సరిగ్గా 10.42-1 కావాలి. ఆప్ట్ ఇచ్చిన చివరి వరుసకు, నేను ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీకి మధ్య ఉన్న మెట్లన్నీ మొదటిసారి ఒకచోట కనిపించాయి. ఈ ఒక్క తెర కోసమైనా ఆప్టిట్యూడ్ నా పెట్టెలో ఉండవలసిన పనిముట్టు.

మూడవ సమాధానంలో ఆశించినది వచ్చింది: ఒకే ఒక ప్యాకేజీని, లిబ్‌పీసీఆర్‌ఈ2-8-0ను, తోక ఉన్న వెర్షన్ నుంచి 10.42-1కు దించడం. మిగతావన్నీ మామూలుగా అప్‌గ్రేడ్ అవుతాయి. డౌన్‌గ్రేడ్‌ను ఒక మార్గంగా మన ముందు పెట్టడం ఆప్టిట్యూడ్‌కున్న ప్రత్యేకత, ఆప్ట్ పాత సాల్వర్ (దారి వెతికే భాగం) ఆ మాటే ఎత్తదు. డెబియన్ డౌన్‌గ్రేడ్‌లకు హామీ ఇవ్వదన్న సంగతి నాకు తెలుసు. డేటాబేస్ సర్వర్ లాంటి వాటిని వెనక్కి దించితే డేటా ఫైళ్లు కొత్త రూపంలో ఉండిపోయి అసలుకే మోసం వస్తుంది. ఇక్కడ రెండూ ఒకే సోర్స్ వెర్షన్, పైగా తన డేటా అంటూ ఏమీ ఉంచుకోని లైబ్రరీ, కాబట్టి ధైర్యం చేయవచ్చని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం మనిషి తీసుకోవలసినదే, ఏ సాల్వర్‌కూ అది తెలియదు.

అయినా ఆ మూడవ సమాధానాన్ని ఆప్టిట్యూడ్ చేత అమలు చేయించలేదు. అక్కడి నుంచి బయటికి వచ్చి, ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ తరువాత ప్యాకేజీ పేరు, ఈక్వల్ గుర్తు, 10.42-1 అని రాసి ఆ ఒక్క లైబ్రరీని ఆప్ట్‌తోనే దించాను. వెర్షన్‌ను పేరు పెట్టి అడిగితే ఆప్ట్ మరోసారి నిర్ధారించుకుని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే ఫుల్-అప్‌గ్రేడ్ ఎక్కడా ఆగకుండా సాగింది. పనిని ఇలా రెండుగా విడదీయడానికి కారణం ఆప్టిట్యూడ్‌కున్న మరొక అలవాటు: ఎవరికీ అవసరం లేదని తాను భావించిన ఆటోమేటిక్ ప్యాకేజీలను (వేరొకదాని కోసం వాటంతట అవే వచ్చినవాటిని) అది అదే ఊపులో తీసివేస్తుంది. ఆప్ట్ అలాంటి వాటిని జాబితాగా చూపించి, ‘ఆటోరిమూవ్’ అని మనం విడిగా అడిగేదాకా ఆగుతుంది. విడుదల మార్పిడిలో, పేర్లు మారిన ప్యాకేజీల మధ్య, ఆ ఆగడం ఎంతో విలువైనది.

ఆప్టిట్యూడ్‌తో సంప్రదింపులు జరపడానికి ఇంకొక మంచి సౌకర్యం ఉంది, దీని గురించి తక్కువమందికి తెలుసు. ప్రశ్న దగ్గర ‘ఆర్’ అక్షరం, ప్యాకేజీ పేరు, ‘అన్‌ఇన్‌స్ట్’ అని రాస్తే ఆ ప్యాకేజీని తీసివేసే ఏ దారినీ ఇకమీదట నాకు చూపించవద్దు అని అర్థం. ‘ఏ’ అక్షరంతో దీనికి ఎదురుగా, ఫలానా మార్పు తప్పనిసరిగా జరిగే దారులే చూపించమని చెప్పవచ్చు. అప్పాచీనో మరియాడీబీనో తీసివేస్తానని అది పదే పదే అంటున్నప్పుడు పది సమాధానాలకు ‘కాదు, కాదు’ అని చెప్పుకుంటూ పోవడం కంటే, ఇలా ఒక గీత గీసి వెతకమనడం చాలా సమయాన్ని మిగులుస్తుంది. చుక్క కొడితే తరువాతి సమాధానం, కామా కొడితే వెనుకటిది. వీటిని నేర్చుకోవడానికి ప్రశ్న దగ్గర ప్రశ్నార్థకం గుర్తు కొడితే చాలు, సహాయం అక్కడే ఉంది. ఇంత మంచి సదుపాయాన్ని ఒంటి అక్షరాల వెనుక దాచిపెట్టడం మాత్రం బాగాలేదు.

పరిష్కారం వెతకని మామూలు రోజుల్లో కూడా పనికొచ్చేవి దాని ప్రశ్నించే కమాండ్లు. ‘ఆప్టిట్యూడ్ వై’ అంటే ఈ ప్యాకేజీ ఇక్కడ ఎందుకు ఉందో అడగడం. ‘వై-నాట్’ అంటే ఎందుకు ఉండకూడదో, దేనితో కాన్‌ఫ్లిక్ట్ వస్తుందో అడగడం. నాకు ఎదురైనటువంటి వెర్షన్ తేడాల విషయంలో వై-నాట్ పెద్దగా సాయపడదు, ఎందుకంటే అది వెతికేది ప్రధానంగా కాన్‌ఫ్లిక్ట్‌ల కోసం. అక్కడ ‘ఆప్ట్ పాలసీ’ చాలు: ఏ వెర్షన్ ఇన్‌స్టాల్ అయి ఉంది, ఏ వెర్షన్ ఏ రిపాజిటరీ నుంచి దొరుకుతుంది, ఏ ప్రాధాన్యంతో దొరుకుతుంది అన్నది అదే చూపిస్తుంది. ఇన్‌స్టాల్ అయిన వెర్షన్ ఎదురుగా డీపీకేజీ స్టేటస్ ఫైల్ తప్ప మరే రిపాజిటరీ వరుసా కనిపించకపోతే, ఆ ప్యాకేజీ అనాథ అని, అప్‌గ్రేడ్‌లో అడ్డు తగిలే అవకాశం ఉందని అర్థం చేసుకోవాలి.

అందుకే నిజమైన పని అప్‌గ్రేడ్‌కు ముందే ఉంది. డెబియన్ నుంచి రాని ప్యాకేజీలన్నిటినీ ముందే బయటికి లాగి చూడమని విడుదల పత్రం చెబుతుంది. ఆప్టిట్యూడ్ సెర్చ్ భాషలో దానిని ఒక చిన్న వరుసలో అడగవచ్చు: ఇన్‌స్టాల్ అయి ఉండి, మూలం డెబియన్ కానివి. రిపాజిటరీలలో ఎక్కడా లేనివాటికి టిల్డా గుర్తు, దాని పక్కన చిన్న ‘ఓ’ చాలు. దీనితో పాటు ‘డీపీకేజీ --ఆడిట్’ నడిపి సగంలో ఆగిన ప్యాకేజీలు లేవని నిర్ధారించుకోవాలి. నేను ఆ రోజు రిపాజిటరీ వరుసను కామెంట్ చేశానే తప్ప దాని నుంచి వచ్చినవి ఏవేవి ఉన్నాయో ముందుగా చూడలేదు. చూసి ఉంటే ఆ లైబ్రరీ పేరు జాబితాలో కనబడేది, ఈ కథ అంతా 11లోనే ప్రశాంతంగా ముగిసేది.

వేగం సంగతి క్లుప్తంగా చెబుతాను. చిన్న చిక్కులకు జవాబు వెంటనే వస్తుంది. మొత్తం విడుదల మార్పిడిని ఒకేసారి ముందు పెడితే మాత్రం అంకెలు తిరుగుతూనే ఉండి, దాని అడుగుల పరిమితి దాటాక ఇక చాలించుకుంటుంది. పరిమితిని పెంచుకోవచ్చు, కానీ పెంచడం కంటే తెగిన ప్యాకేజీ ఒక్కదాని పేరు చెప్పి ‘ఆప్టిట్యూడ్ ఇన్‌స్టాల్’ అని అడగడం మేలు. ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత తెలివిగా వస్తుంది.

మిగతా లోకంతో పోల్చి చూడడం న్యాయం. ఓపెన్‌సూసే అనే మరో లినక్స్‌లోని ప్యాకేజీ పనిముట్టు జిప్పర్, లిబ్‌సాల్వ్ అనే శాట్ సాల్వర్ (షరతులను తర్క సూత్రాలుగా మార్చి తేల్చేది) మీద నడుస్తుంది. చిక్కు వస్తే ‘సొల్యూషన్ 1, సొల్యూషన్ 2’ అని అంకెలు వేసి, ఒక్కో పరిష్కారాన్ని ఒకటి రెండు వరుసలలో చెప్పి ఎంచుకోమంటుంది. చదవడానికి అది ఆప్టిట్యూడ్ జాబితాల కంటే ఎంతో హాయిగా ఉంటుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలోని డీఎన్‌ఎఫ్ కూడా అదే లిబ్‌సాల్వ్‌ను వాడుతుంది, కానీ అది ఎంపికలు ఇవ్వడం కంటే ‘--అలౌఎరేజింగ్’ వంటి ఆప్షన్ చేర్చి మళ్లీ ప్రయత్నించమని సూచిస్తుంది. ఆ ఆప్షన్‌ను ఆలోచించకుండా చేర్చడం ఎంత ప్రమాదమో, ఆప్టిట్యూడ్ మొదటి సమాధానానికి ఎంటర్ కొట్టడం కూడా అంతే.

ఆప్ట్ కూడా మారుతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆప్ట్ 3.0 ఉంది. అందులోని కొత్త సాల్వర్, అప్‌గ్రేడ్ ఆగిపోయినప్పుడు పాత వాక్యంతో సరిపెట్టకుండా, పరస్పరం పొసగని రెండు నిర్ణయాలు ఫలానా అని చెప్పి, ఒక్కొక్కదానికి దారితీసిన వరుసను కింద రాస్తుంది. అంటే నేను ఆప్టిట్యూడ్‌లో ‘ఓ’ కొట్టి చూసిన తెరలాంటిదే ఇప్పుడు అడగకుండా వస్తుంది. ఇది చాలా కాలంగా కావలసిన మార్పు, మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే 12 నుంచి 13కు వెళ్లేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది: అప్‌గ్రేడ్‌ను నడిపేది 12లోని పాత ఆప్ట్ కాబట్టి, కొత్త వివరణలు తొలి అడుగులో దొరకవు. పైగా 13లో సమయాన్ని 64 బిట్లలో లెక్కించడానికి మారినందువల్ల ఎన్నో లైబ్రరీల పేర్ల చివర ‘టీ64’ చేరింది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 పోయి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 వస్తుంది. తీసివేతల జాబితా పొడవు చూసి భయపడనవసరం లేదు. తీసివేస్తున్న ప్రతి లైబ్రరీకి కొత్త పేరుతో జోడు వస్తోందో లేదో మాత్రం చూసుకోవాలి. జోడు లేని పేరు కనిపిస్తే అక్కడ ఆగి, దాని మీద ‘ఆప్టిట్యూడ్ వై’ నడపాలి.

నా సర్వర్ 12లోకి వచ్చాక ఆ టిల్డా-ఓ సెర్చ్‌ను మరోసారి నడిపాను. మిగిలిన పేర్లలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ పాత వెర్షన్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 ఉంది. 12లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 మాత్రమే ఉంటుంది కాబట్టి 1.1కు ఇక సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఆ విడుదల నుంచి రావు. ‘వై’ అడిగితే జవాబు ఒకే వరుసలో వచ్చింది: చేతితో ఇన్‌స్టాల్ చేసిన పాత బ్యాకప్ ఏజెంట్ ఒకటి దానిని పట్టుకుని ఉంది. ఏజెంట్ కొత్త వెర్షన్ తెచ్చి పెట్టి, ఒక బ్యాకప్ తీయించి, దాని నుంచి ఒక ఫైల్‌ను తిరిగి రాబట్టి సరిచూసుకున్నాక, ఆ లైబ్రరీని తొలగించాను.